ముప్ఫై ఒకటో వరుస

గేటు బయట ఖాళీ బకెట్లు పదిహేడు. లెక్కపెట్టింది నేను కాదు, మా చెల్లెలు. ఇల్లు అంటుకున్నా నిప్పురవ్వలు లెక్కపెట్టే రకం అది.

"పొద్దున పదకొండే ఉన్నాయక్కా," అంది కిటికీ తెర పక్కకు తీసి.

"చాలా సంతోషం. చీకటిపడేలోగా ఎన్నవుతాయో కూడా చెప్పు, గోడమీద రాసిపెడతాను," అన్నాను.

తెర వదిలేసింది.

బకెట్లు పెట్టినవాళ్ళు అరవలేదు, రాళ్ళు వేయలేదు. దిగువ వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, బకెట్ దించారు, మా తలుపు వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. తిట్టుకు తిట్టు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఖాళీ బకెట్‌కు ఏమని జవాబు చెప్పను?

వెనక వసారాలో మా ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి నీళ్ళ వాల్వ్‌లు తిప్పుతున్న మనిషి. వాల్వ్ తిప్పే ఇనుప కడ్డీ, దాదాపు ఆయనంత ఎత్తుది, వెనక తలుపు పక్కన గోడకు ఆనించి ఉండేది. మంగళవారం ఆఫీసువాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. గోడమీద దాని తుప్పు గీత ఒకటి మిగిలింది. ఆయన రోజంతా ఆ గీతనే చూస్తున్నాడు.

ఇక బల్ల మీద ఆ కాగితం. విచారణ అధికారి నుంచి నాకే వచ్చింది. ఒక్కటే ప్రశ్న. "సదరు పట్టికలోని ముప్ఫై ఒకటవ వరుస వ్యక్తి మీ భర్తేనా? అవును / కాదు. వర్తించనిది కొట్టివేసి, సంతకం చేసి, రేపు పదకొండు గంటలకు కవరులో సమర్పించవలెను."

పద్దెనిమిదేళ్ళుగా ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతున్నాను. కొట్టివేతలతోనే బతికినదాన్ని. ఒక్క గీత గీయడానికి నాలుగు రోజులుగా చెయ్యి రావడం లేదంటే నాకే నవ్వొస్తోంది.

"అవును" ఉంచితే ఆయన ఉద్యోగం పోతుంది, దానితోపాటు ఈ క్వార్టర్ పోతుంది. నీళ్ళు కట్టేయమని చీటీ ఇచ్చాడని ఆ వరుసలో ఉంది గనక వార్డు మెంబరు కూడా మునుగుతాడు. "కాదు" ఉంచితే ఫైలు మూసేస్తారు. ఆయన కడ్డీ ఆయనకు తిరిగి వస్తుంది, వార్డు మెంబరు తెల్లచొక్కా మీద చుక్క కూడా పడదు, దిగువ వీధివాళ్ళు తమ బకెట్లు తాము తీసుకుపోతారు.

మా చెల్లెలు తన పరిశోధన కోసం తయారుచేసిన పట్టిక అది. అందులో పేరు లేదు మరి. పేర్లు తీసేసింది, ఫోన్ నంబర్లు తీసేసింది, ఇంటి నంబర్లు తీసేసింది. యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పే మనిషి, ఆమాత్రం తెలియదా! వయసు, ఉద్యోగం, ఎన్నేళ్ళ అనుభవం మాత్రం ఉంచింది. అవి కలిసే వాల్వ్‌మన్‌లు ఈ ఊళ్ళో ముగ్గురున్నారు. చివరి గడిలో "జీవిత భాగస్వామి ఉద్యోగం" అని ఒకటుంది. ముప్ఫై ఒకటో వరుసలో ఆ గడిలో "ప్రూఫ్‌రీడర్" అని రాసింది.

ఈ ఊళ్ళో ప్రూఫ్‌రీడర్ని నేనొక్కదాన్నే. నా మొగుణ్ణి పట్టిచ్చిన గడి నేనే.

పైగా ఆ సంగతి వేసిన వారపత్రిక మా ప్రెస్‌లోనే అచ్చవుతుంది. "నీళ్ళు కట్టేసిన ముప్ఫై ఒకటో మనిషి ఎవరు?" అన్న వార్త ప్రూఫు నా బల్ల మీదకే వచ్చింది. శీర్షికలో ఒక దీర్ఘం సరిచేశాను. రెండో పేరాలో కామా తీసేశాను. మూడో పేరాలో నా ఉద్యోగం కనిపించాకగానీ అది మా ఆయన సంగతని నాకు తట్టలేదు. మా ఇంటి పరువు తీసిన వార్తలో అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదు. అది నా పనితనం.

ఇలాంటి పరిశోధనల్లో వివరాలు మార్చి రాయడం మామూలే కదా, పట్టిక ఒక్కటే సాక్ష్యం ఎలా అవుతుందని యూనియన్ వకీలు అడ్డం తిరిగాడు. అందుకని ఇంటి మనిషి సంతకం కావాలన్నారు. అలా వచ్చి నా మెడకు చుట్టుకుంది.

గేటు చప్పుడైంది. పద్దెనిమిదో బకెట్.

ఈసారి బకెట్ దించిన మనిషి వెళ్ళిపోలేదు. దిగువ వీధి కుట్టుమిషనావిడ. నాకు పదేళ్ళ స్నేహితురాలు. తలుపు తీశాను.

"నీమీద నాకేం కోపం లేదక్కా," అంది గుమ్మం బయటే నిలబడి.

"బకెట్ చూస్తేనే తెలుస్తోంది ఎంత ప్రేమో."

"ఎకసెక్కాలొద్దు. ఎన్నికలయ్యాక నాలుగు నెలలు మాకు గంట రావలసిన నీళ్ళు ఇరవై నిమిషాలొచ్చాయి. మీ ఆయన్ని అడిగితే ఏమనేవాడో తెలుసా? పైపుల్లో ప్రెషర్ లేదమ్మా, నేనేం చెయ్యను అనేవాడు. మా ఇంట్లో కూర్చుని టీ తాగి మరీ చెప్పేవాడు. ఆ టీ ట్యాంకర్ నీళ్ళతో పెట్టిందక్కా. లైనులో నిలబడి, కొట్టుకుని, మోసుకొచ్చిన నీళ్ళు."



"ఆ పట్టికలో ఉన్నది ఆయనేనని ఎవరు చెప్పారు నీకు?" అన్నాను.

"నువ్వు కాదని చెప్పు, బకెట్ తీసుకుని వెళ్ళిపోతాను. వాళ్ళందరి చేతా కూడా తీయిస్తాను."

చెప్పలేదు. ఆవిడ నన్ను దాటి లోపలికి చూసింది, మా చెల్లెలి వైపు.

"నువ్వూ వచ్చావుగా మా ఇంటికి, కాగితాల బోర్డు పట్టుకుని. ఐదు వాక్యాలు చదివావు. ఏవి నిజమో చెప్పొద్దండీ, ఎన్ని నిజమో చెప్పండి చాలు అన్నావు. మూడు అన్నాను. ఆ మూడు ఏవో నీకు తెలుసా?"

"తెలీదండీ," అంది చెల్లెలు.

"మా మరదలు కూడా చెప్పింది. దానికి నాలుగే చదివావట."

"సగం ఇళ్ళకి నాలుగు, సగం ఇళ్ళకి ఐదు. ఆ ఐదోదే అసలుది. వార్డు మెంబరుకి ఓటు వేయలేదని మాకు నీళ్ళు ఆపారు అన్నది. రెండు సగాల సగటులకూ ఉన్న తేడా చూస్తే, ఊళ్ళో ఎంతమందికి అలా జరిగిందో తెలుస్తుంది. ఫలానా మనిషి చెప్పిందని మాత్రం ఎవరూ పట్టుకోలేరు. నేను కూడా."

దాని గొంతులో ఆ ఒక్క నిమిషం భయం పోయింది. పాఠం చెప్పేటప్పుడు అది వేరే మనిషి. చిన్నప్పుడు దాన్ని ప్రశ్నలమ్మ అని పిలిచేదాన్ని నేనే.

"బాగుందమ్మా నీ తెలివి," అంది కుట్టుమిషనావిడ. "ముక్కూ మొహం తెలియని మమ్మల్ని అంత భద్రంగా దాచావు. సొంత బావని నడిబజార్లో నిలబెట్టావేం?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. బకెట్ మాత్రం అక్కడే వదిలి వెళ్ళింది.

తలుపు వేసి నేను చెల్లెలి వైపు తిరిగాను.

"అడిగింది సబబే కదా. చెప్పు."

"అక్కా, ఆ పద్ధతి వందలమంది ఉంటేనే. ఒక్క మనిషికి సగటు ఉండదు. వాల్వ్ తిప్పేవాళ్ళూ, గుమాస్తాలూ ఊరంతా కలిపినా నలభైమంది లేరు. వాళ్ళతో ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిందే."

"మాట్లాడావు. బాగానే ఉంది. తీసుకెళ్ళి బజార్లో ఎందుకు పెట్టావు?"

"బజార్లో కాదు. పరిశోధన వ్యాసాలు వేసే పత్రిక నియమం అది. మేం రాసింది నిజమో కాదో ఎవరైనా సరిచూసుకోవాలని పట్టికలన్నీ బయట పెట్టమంటారు. లేకపోతే ఎవడికి తోచిన అంకెలు వాడు అల్లేస్తాడు. ఆ నియమం మంచిదే అక్కా."

"నియమం మంచిదే. మా ఆయన మంచివాడే. నువ్వూ మంచిదానివే. మరి ఈ బకెట్లు ఎవరు పెట్టించారే?"

అది మంచం చివర కూర్చుంది. "ఆ చివరి గడి తీసేయాల్సింది. తీసేస్తే వ్యాసంలో ఒక లెక్క నిలబడదు. భార్యకి సొంత జీతం ఉంటే పైవాళ్ళ ఒత్తిడికి మనిషి తక్కువ లొంగుతాడని నా వాదన. ఆ గడి ఉండాలి. ప్రూఫ్‌రీడర్ అని కాకుండా ఉద్యోగిని అని రాస్తే సరిపోయేది. ఒక్క మాట మారిస్తే చాలు. నాకు తట్టలేదక్కా. నిజంగా తట్టలేదు."

ఒక్క మాట! మాటలు మార్చడమే బతుకుగా ఉన్న అక్క ఇంట్లో ఉండగా, దానికి ఆ ఒక్క మాట దొరకలేదు.

"నీ వాదన తప్పు కూడాను," అన్నాను. "నా జీతం ఉండగానే లొంగాడుగా."

దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకూ తెలియలేదు.

"ఒక్క సంగతి తేల్చు," అన్నాను. "అమ్మ పడిన రోజు."



ఇప్పుడు మా మధ్యగదిలో పడుకుని ఉన్న అమ్మ, అప్పుడు దిగువ వీధిలోనే, తన ఇంట్లో ఉండేది. ఆ పొద్దున ట్యాంకర్ దగ్గర రెండు బకెట్లు పట్టుకుని మెట్లెక్కుతూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆరింటికల్లా వచ్చి నీళ్ళు నేను మోస్తానని ముందురోజు మాటిచ్చాను. పాఠ్యపుస్తకం ప్రూఫులు అర్జెంటని తొమ్మిదింటికి వెళ్ళాను. అప్పటికి మెట్ల మీద నీళ్ళు ఆరిపోయాయి కూడా. ఆ మూడు గంటలు మూడేళ్ళుగా నా నెత్తిమీద ఉన్నాయి.

"ఆ రోజు మెయిన్ పైపు పగిలి ఊరంతటికీ నీళ్ళు లేవు, చీటీతో దానికి సంబంధం లేదు అంటున్నాడు మీ బావ. మంగళవారం నుంచీ అదే మాట. నిజమేనా?"

"అది నన్ను అడక్కు."

"ఎవర్ని అడగను మరి? నీ దగ్గరే కదా అన్నీ ఉన్నది, రికార్డు చేసుకుని!"

"ఎవరేం చెప్పారో ఎవరికీ చెప్పనని సంతకం పెట్టానక్కా. రేపు విచారణలో అడిగినా చెప్పను. ఉద్యోగం పోయినా చెప్పను. నాకు అవుననే హక్కూ లేదు, కాదనే హక్కూ లేదు."

"నా పక్కన పడుకునే మనిషి గురించి నాకు చెప్పడానికి నీకు హక్కు లేదు! ఊళ్ళో పత్రికవాడు చదువుకోవచ్చు. వార్డు మెంబరు చదువుకోవచ్చు. నేను మాత్రం వర్తించనిది కొట్టివేయాలి."

"అక్కా..."

"పైపు పగిలిన మాట నిజమైతే, అవును నిజమే అనడానికి నీకు సంతకం అడ్డం వచ్చేది కాదే. అది పేపర్లో పడే విషయం. రహస్యం కాదు."

చెల్లెలు మొహం తిప్పుకుంది. అంతే, ఇంకేం చెప్పనక్కర్లేదు. అది చిన్నప్పటినుంచీ అబద్ధం ఆడలేదు. నోరు మూసుకోవడం మాత్రం యూనివర్సిటీలో నేర్చుకుంది.

"ఎప్పటినుంచి తెలుసే నీకు?"

"నేను అవునని అనలేదు."

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళు," అంది, వినీ వినబడనట్టు.

రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో అది ఎన్నిసార్లు వచ్చింది, నా చేతి భోజనం తింది, అమ్మకి నేను కాళ్ళు పడుతుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. ఒకసారి దాని ఎదుటే ఏడ్చాను, ఆ రోజు ఆరింటికి వెళ్ళి ఉంటే అమ్మ ఇలా ఉండేది కాదని. అది నా వీపు నిమిరింది. ఊరుకో అక్కా, నీ తప్పేముంది అంది. నీ తప్పు కాదని అంది గానీ, ఎవరి తప్పో అనలేదు.

వెనక వసారాలోకి నడిచాను. చెల్లెలు నా వెనకే వచ్చింది, వద్దు వద్దంటూ.

ఆయన తలెత్తాడు. నాలుగు రోజుల గడ్డం. చూస్తే జాలేసింది. జాలేసినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

"రేపు నేను సంతకం పెట్టాలి కదా," అన్నాను. "అంతకుముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. నిజం చెప్పండి అని అడగను. మంగళవారం నుంచి అడుగుతూనే ఉన్నాను, మీరు పైపు పగలగొడుతూనే ఉన్నారు. అందుకని మీ మరదలి పద్ధతిలో అడుగుతాను. ఏవి నిజమో చెప్పొద్దు. ఎన్ని నిజమో చెప్పండి, చాలు."

ఆయన చెల్లెలి వంక చూశాడు. అది తల అడ్డంగా ఊపింది.

"ఒకటి. వార్డు మెంబరు చీటీ ఇచ్చాడు, మీరు దిగువ వీధి వాల్వ్ తిప్పారు. రెండు. ఆ వీధిలో మా అమ్మ ఉందని తెలిసే తిప్పారు. మూడు. అమ్మ పడిన రోజు ఏ పైపూ పగల్లేదు. నాలుగు. ఇవన్నీ నా చెల్లెలికి చెప్పారు, నాకు చెప్పలేదు."

"అక్కా, అలా అడక్కూడదు," అంది చెల్లెలు. "అన్నీ నిజమైతే మనిషి దొరికిపోతాడు. తప్పించుకోడానికి ఒక మామూలు వాక్యం కలపాలి. అది పద్ధతి."

"తెలుసు. అందుకే కలపలేదు."

పక్కింట్లో ఎవరో పంపు తిప్పారు. నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు మా ముగ్గురికీ వినిపించింది. ఆయన ఆ చప్పుడు ఆగేదాకా కళ్ళు మూసుకున్నాడు.

"సున్నా అనండి," అన్నాను. "సున్నా అంటే నమ్ముతాను. రెండన్నా సర్దుకుంటాను. చెప్పండి."

"ఐదు," అన్నాడు.

వినడంలో పొరపాటేమో అనుకున్నాను.

"నేను చదివినవి నాలుగే."

"నాలుగే. తెలుసు."

"మరి ఐదంటారేమిటి?"

ఆయన స్టూలు మీదనుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "బదిలీ చేయిస్తానన్నాడు. ఈ క్వార్టర్ ఖాళీ చేయిస్తానన్నాడు. నాలుగు నెలలే కదా, ఇరవై నిమిషాలు వస్తే చాలదా అన్నాడు. నేనూ చాలుననుకున్నాను. ఆ పొద్దున కూడా నేనే తిప్పాను. తర్వాత అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. మీ చెల్లెలు పేరు రాసుకోనంది. చెప్పేశాను."

"అది నాలుగోది. ఐదోది అడుగుతున్నాను నేను."

చెల్లెలి వైపు చూశాను. దానికీ తెలుసని మొహం చెబుతోంది. "అది పట్టికలో పెట్టలేదక్కా," అంది. "అది పరిశోధనకి సంబంధించింది కాదు."

లోపలినుంచి వాకర్ చప్పుడు వినిపించింది. టక్కు, ఒక అడుగు. టక్కు, ఒక అడుగు. అమ్మ మధ్యగదిలోంచి వసారా గుమ్మం దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. మూడేళ్ళుగా నేనే పట్టుకుని నడిపిస్తున్నాను. ఈసారి వెళ్ళి పట్టుకోలేదు.

"అతన్ని వదిలెయ్యవే," అంది అమ్మ గుమ్మం పట్టుకుని. "ఐదోది నేను చెప్తాను."

"నువ్వెందుకమ్మా లేచావు?"

"ఆస్పత్రిలో మూడోరోజు నువ్వు మందులకి వెళ్ళావు. అల్లుడు నా కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. ఏడ్చాడు. నేనే అన్నాను, దానికి చెప్పకు బాబూ అని. నీ కోపం నాకు తెలీదా! పెట్టె సర్దుకుని వెళ్ళిపోతావని భయపడ్డాను. నా ఎముక ఎలాగూ విరిగింది, నీ కాపురం కూడా విరగ్గొట్టుకోవడం ఎందుకనుకున్నాను."

అమ్మ ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినబడటం మానేసింది.

మూడేళ్ళు. స్నానం చేయించేటప్పుడు, తల దువ్వేటప్పుడు, ఒక్కరోజు కాదు, వంద రోజులు అన్నాను ఈ మనిషితో. ఆ పొద్దున నేను ఆరింటికి వచ్చి ఉంటేనా అమ్మా అని. ప్రతిసారీ అమ్మ "పోనీలేవే, అయిపోయిందిగా" అనేది. క్షమించిందనుకున్నాను. నా తప్పు కాదని తెలిసి నన్ను క్షమించింది!

"నీకు తెలుసు," అన్నాను అమ్మతో. "నీకూ తెలుసు," అన్నాను చెల్లెలితో. ఆయన వంక చూడలేదు. "ముగ్గురూ కలిసి నన్నొక్కదాన్ని ఆ మెట్ల మీద నిలబెట్టారు. ఇంట్లో నలుగురం. ముగ్గురికి తెలుసు. సగటు ఎంతే, చెప్పు, చదువుకున్నదానివి!"

చెల్లెలు ఏడుస్తోంది. ఏడవనీ.

"నీ మంచికే కదమ్మా," అంది అమ్మ.

"నా మంచికే. నా మంచి నాకొక్కదానికే చెప్పలేదు."

లోపలికి వెళ్ళాను. బల్ల ముందు కూర్చున్నాను. కాగితం సరిచేసి పెట్టుకున్నాను. సంచిలోంచి ఎర్ర కలం తీశాను. ప్రూఫులు దిద్దే కలం, పద్దెనిమిదేళ్ళుగా అదే కంపెనీ, అదే రంగు.

వాళ్ళు వచ్చారు. ఆయన ముందు, వెనక చెల్లెలు, దాని భుజం పట్టుకుని అమ్మ. ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు.

ఆయన అలా నిలబడటం చూస్తే, పెళ్ళైన కొత్తలో అర్ధరాత్రి పైపు పగిలిందని కబురొస్తే నిద్రకళ్ళతో కడ్డీ భుజాన వేసుకుని పరిగెత్తిన మనిషి గుర్తొచ్చాడు. కిటికీ తెర సందులోంచి బకెట్లు కనబడుతున్నాయి. వాటిలో కుట్టుమిషనావిడది ఆకుపచ్చది.

కలం మూత తీశాను.

"అక్కా, తొందరపడకు," అంది చెల్లెలు. "రేపు పదకొండింటిదాకా టైముంది."

"మూడేళ్ళు ఆలస్యమైంది. ఇది తొందరా?"

గీత గీశాను. ఒకటే, అడ్డంగా, స్కేలు పెట్టినంత తిన్నగా. వాళ్ళు నిలబడిన చోటినుంచి నా చెయ్యి కనబడుతుంది గానీ కాగితం కనబడదు. కింద సంతకం పెట్టాను.

"ఏది కొట్టేశావు?" అన్నాడాయన. పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది.

"ఏదని అడక్కండి," అన్నాను. "ఎన్నని అడగండి. ఒకటి."

కాగితం మడిచి కవర్లో పెట్టి, అంచు తడిపి అంటించాను.